గర్భస్రావం: హక్కు తేలిన తరువాత మిగిలే ప్రశ్న

గత నెల ఈ శీర్షికలో అరిస్టాటిల్ చెప్పిన సద్గుణాల గురించి రాస్తూ, ఏ పని చేయాలన్న ప్రశ్న కంటే ఎలాంటి మనిషిగా బతకాలన్న ప్రశ్నను ఆయన ముందు పెట్టారని, ఆ మార్గాన్నే ఇప్పుడు సద్గుణ నీతి అంటున్నారని చెప్పాను. గర్భస్రావం వంటి చిక్కు విషయంలో కూడా అది దారి చూపగలదని చివర్లో ఒక్క వాక్యం రాశాను. వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నాయి. అందుకే ఈ నెల పుటలన్నీ దానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: మా కళాశాలలో గర్భస్రావంపై చర్చ పెడితే విద్యార్థులు రెండుగా చీలిపోయారు. కడుపులో ఉన్నది ప్రాణమే కాబట్టి తీసివేయడం హత్యేనని కొందరు, తన శరీరం మీద హక్కు స్త్రీదే కాబట్టి ఇక మాట్లాడవలసిందేమీ లేదని మరికొందరు వాదించారు. ‘మంచి మనిషి ఏం చేస్తాడో అదే మంచి పని’ అని మీరు చెప్పే మార్గం ఈ రెండింటినీ తప్పించుకోవడమే కదా? మంచి పని ఏదో తెలియనిదే మంచి మనిషి ఎవరో ఎలా తెలుస్తుంది?
— తత్వశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీ విద్యార్థులు చీలిన చోటనే పాశ్చాత్య తత్వవేత్తలు కూడా చాలాకాలం చీలి ఉన్నారు. 1971లో జూడిత్ జార్విస్ థామ్సన్ అనే అమెరికన్ తత్వవేత్త ఒక ఊహను ముందు పెట్టారు. మీరు నిద్ర లేచేసరికి మూత్రపిండాలు చెడిపోయిన ఒక గొప్ప వయొలిన్ విద్వాంసుణ్ణి ఎవరో మీ శరీరానికి గొట్టాలతో కలిపి ఉంచారనుకోండి; తొమ్మిది నెలలు అలాగే పడుకుంటేనే అతను బతుకుతాడు. అతనికి జీవించే హక్కు ఉన్నా, మీ శరీరాన్ని వాడుకునే హక్కు దానివల్ల రాదన్నది ఆమె వాదం. 1989లో డాన్ మార్క్విస్ దానికి ఎదురుగా, మనలాంటి భవిష్యత్తు ఉన్న జీవికి ఆ భవిష్యత్తును లేకుండా చేయడమే చంపడంలో ఉన్న తప్పు అని, పిండానికి కూడా అలాంటి భవిష్యత్తు ఉందని వాదించారు. రెండూ బలమైన వాదాలే. అయితే నెల తప్పిన స్త్రీ రాత్రి నిద్ర పట్టక ఆలోచించే ఆలోచనల్లో ఈ రెండూ దాదాపు కనిపించవు. ఆమె తన ఇద్దరు పిల్లల గురించి, మంచాన పడ్డ అత్తగారి గురించి, తన నడుము నొప్పి గురించి, ఇంకో బిడ్డ ముఖం ఎలా ఉంటుందోనన్న ఊహ గురించి ఆలోచిస్తుంది. న్యూజిలాండ్ తత్వవేత్త రోజలిండ్ హర్స్ట్‌హౌస్ 1991లో ప్రచురించిన వ్యాసంలో ఈ ఆలోచనలనే నీతి చర్చకు మధ్యలోకి తెచ్చారు. నాకు ఆమె మీద గౌరవం అక్కడే మొదలైంది.

ఆమె మొదట హక్కుల సంగతిని పక్కన పెట్టారు. అది ముఖ్యం కాదని కాదు. చట్టం ఎలా ఉండాలో తేల్చడానికి అది కావలసిందే. కాని హక్కు ఉందని తేలిన తరువాత కూడా, ఆ హక్కును వాడుకునే తీరులో మనిషి క్రూరుడిగానో స్వార్థపరుడిగానో ఆలోచన లేనివాడిగానో ప్రవర్తించే అవకాశం అలాగే మిగిలి ఉంటుందన్నారు. బాకీ అడిగే హక్కు అప్పిచ్చినవాడికి ఎప్పుడూ ఉంటుంది. బాకీపడ్డవాడి ఇంట శవం లేవకముందే వాకిట్లో నిలబడి అడిగితే ఆ హక్కు రద్దయిపోదు, అయినా అతను మనిషేనా అని ఊరు అడుగుతుంది. ఊరు అడిగే ఆ ప్రశ్న హక్కుల భాషలో లేదు.

పిండం మనిషా కాదా అన్న ప్రశ్నను కూడా ఆమె పక్కన పెట్టారు. ఇది మొదట నాకూ తప్పించుకోవడంగానే తోచింది. ఆమె కారణం విన్నాక అభిప్రాయం మార్చుకున్నాను. ఆ సూక్ష్మమైన తత్వచర్చ తేలితే తప్ప ఈ విషయంలో ఎవరూ సరిగా నడుచుకోలేరంటే, ఇంతవరకు పుట్టిన స్త్రీ పురుషుల్లో ఒక్కరు కూడా వివేకంతో నడుచుకోలేదని ఒప్పుకోవాలి. మంచి మనిషికి ఉండే జ్ఞానం పండితులకు మాత్రమే అందేది అయి ఉండదని ఆమె అంటారు. ఈ మాట మనకు కొత్త కాదు. మహాభారతం అరణ్యపర్వంలో వేదం చదువుకున్న కౌశికుడికి మొదట ఒక గృహిణి, తరువాత మిథిలలో మాంసం అమ్ముకునే ధర్మవ్యాధుడు ధర్మం బోధించారు. కౌశికుడికి చదువు తక్కువై కాదు. కొంగ మీద కోపం వస్తే దాన్ని చూపుతోనే కాల్చేసినవాడికి, ఎదుటి మనిషి పరిస్థితి చూసే కన్ను లేకపోయింది.

ఇక అందరికీ తెలిసిన సంగతులు ఏమిటి? గర్భం తొమ్మిది నెలలు ఉంటుందని, ప్రసవం నొప్పితోనూ ప్రమాదంతోనూ కూడినదని, బిడ్డ పుడితే ఒక ఇంటి జీవితం మొత్తం మారుతుందని, తల్లీబిడ్డల బంధం మనిషి బతుకులో చాలా లోతైనదని తెలుసు. మూడో నెలలో కడుపు పోయిన కోడలిని మన పెద్దవాళ్లు ఓదార్చే తీరు, ఏడో నెలలో పోయినామెను ఓదార్చే తీరు ఒకటి కాదు. అయినా మొదటిదాన్ని గోరు కత్తిరించుకున్నంత తేలికగా ఎవరూ చూడరు, రెండోదానితో సమానంగానూ చూడరు. పిండం పెరిగేకొద్దీ మన మనసు దాని పట్ల మారడం అవివేకం కాదని, వాస్తవాన్ని సరిగా చూడడంలో అదీ ఒక భాగమని హర్స్ట్‌హౌస్ చెబుతారు.

మంచి పనిని మంచి మనిషితో, మంచి మనిషిని మళ్లీ మంచి పనితో చెప్పుకునే చక్రాన్ని మీరు చూపారు. అది నిజంగా ఒక చిక్కే. అయితే సద్గుణ నీతి ‘మంచి’ అనే ఒక్క మాటతో పని చేయదు. ఇది పిరికితనమా, నిర్దయా, తొందరపాటా, ఓర్పా, నిజాయతీయా, తనవాళ్ల పట్ల బాధ్యతా అని అడుగుతుంది. ఈ మాటల అర్థం ఏడేళ్ల పిల్లలకు కూడా కొంత తెలుసు. ఆదిపర్వంలో గాంధారి కథ తీసుకోండి. రెండేళ్లు గర్భం మోసి, కుంతికి ముందుగా కొడుకు పుట్టాడని విని, దుఃఖం ఆపుకోలేక తన కడుపును తానే కొట్టుకుంది. మాంసపు ముద్ద బయటపడింది. కవి ఇక్కడ పిండం స్థాయి గురించి, అంటే అది మనిషా కాదా అన్నదాని గురించి గాని, గాంధారి హక్కు గురించి గాని ఒక్క మాట చెప్పడు. ఆమె ఎంతకాలం ఎదురుచూసిందో, ఏ వార్త విన్నదో, ఏ అసూయ, ఏ నిరాశ ఆమె చేతిని నడిపించాయో చెబుతాడు. వ్యాసుడు వచ్చి అడిగితే ఆమె దాచకుండా నిజం చెప్పింది. ఆ చేతను మెచ్చుకోలేం, ఆమెను అసహ్యించుకోనూ లేం. చదివేవాడు వేసే ఆ రెండు పేటల తీర్పు కేవలం హక్కులతో ఆలోచిస్తే రాదు.

రెండు విషయాల్లో నాకు జాగ్రత్త అవసరమనిపిస్తుంది. అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో జనాభా మితిమీరకుండా ఉండడానికి, పిండానికి స్పర్శజ్ఞానం రాకముందు గర్భస్రావం చేయించవచ్చన్నారు. అంగవైకల్యంతో పుట్టిన శిశువును పెంచకూడదని కూడా అదే చోట అన్నారు. కనుక ఆయన దగ్గర పద్ధతి నేర్చుకుందాం గాని తీర్పులు అరువు తెచ్చుకోవద్దు. రెండోది, బిడ్డను కనడం, పెంచడం తమంతట తామే విలువైన పనులని హర్స్ట్‌హౌస్ అంటారు. అవి లేని జీవితం వ్యర్థమని ఆమె అనలేదు. కాని పిల్లలు లేని స్త్రీని గొడ్రాలని శుభకార్యాల్లో పక్కకు తప్పించిన మన సమాజంలో ఆ మాట చాలా తేలికగా కర్రగా మారుతుంది. మీ తరగతిలో ఆమె వ్యాసం చెప్పేటప్పుడు ఈ సంగతి కూడా దయచేసి చెప్పండి.

ప్రశ్న: నాకు ఇద్దరు పిల్లలు. మావారు దుబాయిలో కూలి పని చేస్తారు. నాలుగేళ్ల కిందట ఆయన సెలవు మీద వచ్చి వెళ్లిన తరువాత నేను నెల తప్పాను. అప్పటికి వీసా కోసం చేసిన అప్పు తీరలేదు, మామకు పక్షవాతం, నేను బీడీలు చుట్టి ఇల్లు నడుపుతున్నాను. ఆయనకు ఫోన్‌లో చెప్పి, తొమ్మిదో వారంలో ఆసుపత్రికి పోయి తీయించుకున్నాను. మళ్లీ అదే పరిస్థితి వస్తే అదే పని చేస్తాను. అయినా పక్కింటి పాపను చూసినప్పుడల్లా ఆ వయసు లెక్కపెట్టుకుంటాను, గుండె బరువెక్కుతుంది. తప్పు చేయలేదనుకుంటే ఈ బాధ ఎందుకు? బాధ ఉన్నదంటే తప్పు చేసినట్టేనా?
— ఒక సోదరి, జగిత్యాల జిల్లా

జవాబు: కాదమ్మా. మీ ఉత్తరాన్ని నాలుగైదు సార్లు చదివిన తరువాతే ఈ మాట రాస్తున్నాను.

తల్లి వైద్యానికి ఉన్న ఒక్క చేనూ అమ్మిన కొడుకును ఊహించుకోండి. అతను చేసింది సరైన పనే, ఆ సంగతి అతనికీ తెలుసు. అయినా ఆ చేను గట్టు మీదుగా నడిచేటప్పుడు అతని కాళ్లు ఆగుతాయి. ఆ ఆగడం అతను తప్పు చేశాడనడానికి సాక్ష్యం కాదు. విలువైనదొకటి పోయిందని అతని మనసుకు తెలుసు, అంతే. ఏమీ పోనట్టు ఈలవేసుకుంటూ ఆ గట్టు దాటితేనే మనకు ఏదో లోపం కనిపిస్తుంది. సద్గుణం చేతల్లో మాత్రమే ఉండదని, సరైన విషయం పట్ల, సరైన వేళ, సరైన మోతాదులో కలిగే భావాల్లో కూడా ఉంటుందని అరిస్టాటిల్ చెప్పింది ఇలాంటి చోటే నాకు నిజంగా అర్థమవుతుంది. మీ దుఃఖం మీ మంచితనానికి మచ్చ కాదు, దానిలో ఒక భాగం.

కాన్పులతో అలసి ఆరోగ్యం చెడినవాళ్లు, ఒళ్లు హూనమయ్యే పని తప్పనివాళ్లు మరో గర్భం వద్దనుకుంటే అది స్వార్థమో నిర్దయో అనిపించుకోదని హర్స్ట్‌హౌస్ స్పష్టంగా రాశారు. మీరు రాసింది చదివితే ఆమె మీ గురించే చెప్పినట్టుంది. పొద్దంతా వంగి కూర్చుని బీడీలు చుట్టే స్త్రీ, పక్షవాతం వచ్చిన మనిషిని లేపి కూర్చోబెట్టే స్త్రీ, ఉన్న ఇద్దరు పిల్లల కడుపు నింపే స్త్రీ, ‘ఇంకొకరిని మోసే శక్తి నాకు లేదు’ అని తెలుసుకోవడం తన హద్దులను నిజాయతీగా చూడడం. మీరు భర్తకు చెప్పారు. సమయం మించిపోకముందే, అర్హులైన వైద్యుల దగ్గరికే వెళ్లారు. ఈ పనిని తేలికగా తీసుకున్న ఆనవాలు మీ ఉత్తరంలో నాకు ఎక్కడా కనిపించలేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. చేయక తప్పని పని సరైనదే అయినా, అలా తప్పని పరిస్థితి రావడం వెనుక ఎవరిదో ఒక లోపం ఉండవచ్చునని కూడా ఆమె అంటారు. మీ విషయంలో ఆ లోపాన్ని మీలో వెతుక్కోకండి. వీసాకు లక్షల అప్పు చేయించే దళారుల దగ్గర, ఆడవాళ్ల చేతిపనికి చాలీచాలని కూలి ఇచ్చే వ్యాపారం దగ్గర, మంచాన పడ్డ మనిషిని చూసుకునే భారాన్ని ఒక్క కోడలి మీదే వదిలేసిన బంధువుల దగ్గర వెతకండి. ఆ బాధ్యతను వాళ్ల వాటాకు వదిలేయండి.

ప్రాయశ్చిత్తం చేసుకోమని చెప్పేవాళ్లు కనిపించవచ్చు. అందులో ఏముంది, మరచిపో అనేవాళ్లూ కనిపించవచ్చు. ఇద్దరూ మీరు ఉన్న చోటును చూడలేదు. నమ్మకమైన ఒక్కరికైనా, అక్కకో స్నేహితురాలికో, ఈ సంగతి చెప్పుకోగలిగితే బరువు కొంత పంచుకున్నట్టవుతుంది. ఒకవేళ బాధ వల్ల వారాల తరబడి నిద్ర, తిండి కుదరకపోతే మాత్రం మనోవైద్యుల సాయం తీసుకోండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో తెలుగులో కూడా మాట్లాడతారు, ఖర్చు ఉండదు.

ప్రశ్న: గర్భస్రావానికి భర్త అనుమతి అవసరం లేదని విన్నాను. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఇది ఏం న్యాయం?
— నెల్లూరు పాఠకుడు

జవాబు: మీరు విన్నది నిజం. గర్భస్రావాలకు సంబంధించిన 1971 నాటి చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి ఆమె సమ్మతి ఒక్కటే చాలు. మోసేది, కనేది, ప్రాణం పణంగా పెట్టేది ఆమె కాబట్టి అది న్యాయమేనని నా అభిప్రాయం. అయితే అనుమతి గురించి కాకుండా, ఆమె తనంతట తానుగా మీ దగ్గరికి వచ్చి మనసు విప్పే మనిషిగా మీరు ఉన్నారా అని ఆలోచించమంటాను. గర్భం విషయంలో బాధ్యత లేకపోవడం, తేలికదనం మగవాళ్లలోనూ అంతే లోపమని హర్స్ట్‌హౌస్ రాశారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే, ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు పదిమందికి ఏడుగురు పిల్లలు కలగకుండా ఆపరేషన్ చేయించుకున్నవారే. అంతకంటే చిన్నదైన వేసెక్టమీ చేయించుకున్న మగవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. బిడ్డ ఇద్దరిదీ అన్న మాట అక్కడి నుంచే మొదలుకావాలి.

ప్రశ్న: నిర్ణయం స్త్రీదేనని ఒప్పుకుంటే, ఆడపిల్ల అని తెలిసి గర్భం తీయించుకోవడాన్ని తప్పని ఎలా అనగలం? అదే వారం, అదే పిండం, అదే చికిత్స.
— న్యాయశాస్త్ర విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: మీరు చాలా పదునైన చోట వేలు పెట్టారు. పిండం స్థాయిని మాత్రమే చూసేవారికి పన్నెండో వారంలో జరిగే ఈ రెండు గర్భస్రావాల మధ్య తేడా కనిపించదు. హక్కును మాత్రమే చూసేవారికీ కనిపించదు. అయినా మనలో ప్రతి ఒక్కరికీ తేడా తెలుస్తూనే ఉంది. కారణం మారితే చేసిన పనే మారిపోతుందన్న సద్గుణ నీతి మాట ఇక్కడ ఎంత అవసరమో చూడండి. ‘మాకు ఇంకో బిడ్డను పెంచే శక్తి లేదు’ అనే మనసు, ‘బిడ్డ కావాలి గాని ఇలాంటి బిడ్డ వద్దు’ అనే మనసు ఒకటి కావు. రెండోది పుట్టబోయే ఆమెను మాత్రమే కాక, ఇప్పటికే ఆ ఇంట్లో తిరుగుతున్న అక్కను, ఆ కడుపు మోస్తున్న తల్లిని కూడా ‘నువ్వు తక్కువ’ అంటుంది. అది అన్యాయం అనే దుర్గుణం, పిండం వయసుతో దానికి నిమిత్తం లేదు.

కాని ఆ దుర్గుణం ఎవరిదో చూడకుండా తీర్పు చెప్పకూడదు. లింగ నిర్ధారణను నిషేధించిన 1994 చట్టం ఈ విషయంలో నాకు చాలా వివేకంగా కనిపిస్తుంది. స్కానింగ్‌లో ఆడో మగో చెప్పడాన్నే అది నేరం చేసింది. గర్భిణి అలాంటి పరీక్ష చేయించుకుంటే, భర్తో బంధువులో బలవంతపెట్టి ఉంటారని, వేరేలా రుజువు కానంతవరకు న్యాయస్థానం భావించాలని కూడా చెప్పింది. మూడోసారీ ఆడపిల్లే పుడితే కొడుక్కి ఇంకో పెళ్లి చేస్తామని బెదిరించే ఇంట్లో, ఆమె సంతకం పెట్టిన కాగితం మీద ఆమె మనసు ఉండదు. ఆ సంతకం చూసి ఆమె నిర్ణయమే కదా అనేవారు నిజానికి ఆమె హక్కును గౌరవించడం లేదు.

ప్రశ్న: నేను ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్తగా చేరిన వైద్యురాలిని. ఈ మధ్య పెళ్లికాని ఇరవై ఏళ్ల అమ్మాయి పదో వారంలో వచ్చింది. మా సీనియర్లు ఆమెను అందరి ముందు మందలించి, తల్లిదండ్రులను తీసుకురమ్మని పంపేశారు. ఆమె మళ్లీ రాలేదు. గర్భస్రావం చేయడం వ్యక్తిగతంగా నాకూ ఇష్టం లేదు. ఇలాంటి సందర్భంలో మంచి వైద్యురాలు ఏం చేయాలి?
— ఉత్తరాంధ్ర నుంచి ఒక వైద్యురాలు

జవాబు: ముందు చట్టం సంగతి. ఇరవై ఏళ్ల యువతి విషయంలో తల్లిదండ్రుల సమ్మతి అడగడానికి ఏ ఆధారమూ లేదు. ఇరవై వారాల వరకు ఒక్క అర్హులైన వైద్యుల అభిప్రాయం చాలు. 1971 చట్టానికి 2021లో చేసిన సవరణలో, గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భాన్ని చెప్పేచోట ‘భర్త’ అన్న మాట స్థానంలో ‘భాగస్వామి’ అన్న మాట చేరింది, గర్భస్రావం చేయించుకున్న స్త్రీ పేరు, వివరాలు బయటపెట్టకూడదన్న నిబంధన కూడా చేరింది. 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు పెళ్లయినవారికి, కానివారికి ఈ చట్టం కింద తేడా చూపకూడదని తీర్పు చెప్పింది. మీ సీనియర్లు చేసినది చట్టానికే విరుద్ధం.

అయితే మీరు అడిగింది మంచి వైద్యురాలి గురించి. ఆ అమ్మాయిని మందలించినవారు తాము నీతి పక్షాన నిలబడ్డామనుకుని ఉంటారు. ఆమె భయాన్ని పెంచడం, ఇంకొన్ని వారాలు గడిచేలా చేయడం, ఏ ఆర్‌ఎంపీ దగ్గరికో, మందుల దుకాణంలో అమ్మే మాత్రల దగ్గరికో ఆమెను నెట్టడం ఏ సద్గుణం కిందకు వస్తుందో వాళ్లు చెప్పలేరు. గర్భస్రావం తప్పని నమ్మేవారు కూడా నిర్దయగా ఉండనక్కరలేదు. మీకు ఇష్టం లేకపోవడంలో నాకు తప్పు కనిపించదు. ఆ పని చేసే సహోద్యోగి దగ్గరికి ఆమెను ఆ రోజే, గౌరవంగా పంపించి, మీ మనస్సాక్షిని మీ దగ్గరే ఉంచుకోవచ్చు. ఆమె ప్రాణానికి ప్రమాదం ఏర్పడిన క్షణంలో మాత్రం ఆ ఇష్టాయిష్టాలకు చోటు లేదు.

అలాంటి క్షణంలో నిబంధన వెనుక నిలబడితే ఏమవుతుందో 2012 అక్టోబరులో ఐర్లండ్‌లోని గాల్వేలో చూశాం. కర్ణాటకకు చెందిన దంతవైద్యురాలు సవితా హలప్పనవర్‌కు పదిహేడో వారంలో గర్భం నిలవదని తేలిపోయింది. గర్భం తీసివేయమని ఆమె, భర్త అడిగారు. పిండం గుండె ఇంకా కొట్టుకుంటోందన్న కారణంతో వైద్యులు ఆగారు. అప్పటి ఐర్లండ్ చట్టం తల్లి ప్రాణానికి ముప్పు ఉంటేనే ఒప్పుకునేది. ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకి ఆమె అక్టోబరు 28న చనిపోయింది. 2018 మే 25న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఆ దేశ ప్రజలు గర్భస్రావాన్ని దాదాపు పూర్తిగా నిషేధించిన రాజ్యాంగ సవరణను తొలగించారు. ఆ వైద్యులు చెడ్డవాళ్లని నేను అనను. ఎప్పుడు ముప్పు మొదలైందో చూడగలిగే చూపును అరిస్టాటిల్ ఫ్రోనెసిస్ అన్నారు, మనం వ్యవహార వివేకం అందాం. నిబంధన ఆ చూపుకు సాయం చేయాలి, దాని స్థానంలోకి వస్తే మనిషి చచ్చిపోతుంది.

మీ ఆసుపత్రికి వచ్చిన ఆ అమ్మాయి చిరునామా రికార్డులో ఉండి ఉంటుంది, కాని ఇంటికి ఫోన్ చేయకండి, రహస్యం బయటపడుతుంది. ఆమె తన సొంత నంబరు ఇచ్చి ఉంటే, ఆమె ఒంటరిగా మాట్లాడగలిగే వేళ కనుక్కుని, మీరే స్వయంగా మాట్లాడండి. తల్లిదండ్రులు రానవసరం లేదని, పేరు ఎవరికీ చెప్పరని, వారాలు గడిచేకొద్దీ ప్రమాదం పెరుగుతుందని మూడే మాటలు చెప్పండి. వస్తే, ముందు తలుపు వేసి కూర్చోమనండి. పెళ్లి అయిందా అన్న ప్రశ్నతో మొదలుపెట్టకండి.